ఎడమ చేతి చుట్టు

సిరిసిల్ల
15 సెప్టెంబర్ 2011

పుష్పక్కకు,

నీ చెల్లెలు వనిత వందనాలు. జైపాల్ బావకు, పిల్లలకు కూడా చెప్పు.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరం రాస్తుందేమిటి, దీనికి మతి పోయిందా అనుకుంటావు. ఫోన్ మోగితే ఇక్కడ ఒక పిల్ల గోడకు అతుక్కుపోతుంది. అది ఎవరి ఫోనైనా సరే. అందుకని నాది ఆపేసి ట్రంకులో బట్టల కింద పెట్టాను. తెలంగాణ కోసం చేస్తున్న సమ్మెతో అన్నీ బందయినా పోస్టాఫీసు ఢిల్లీ సర్కారుది కాబట్టి తెరిచే ఉంది. బాపు మనిద్దరినీ కూర్చోబెట్టి ఉత్తరాలు రాయడం నేర్పింది ఇన్నాళ్లకు పనికొచ్చింది.

ఆ పిల్ల గురించే రాస్తున్నాను. మా ఆడపిల్లల హోంకు వచ్చి ఇరవై రోజులైంది. పదమూడేళ్లుంటాయి. మా దగ్గరుండే పిల్లల పేర్లు, ఊర్లు బయట ఎవరికీ చెప్పకూడదు. నువ్వు తోడబుట్టినదానివైనా సరే. అసలు ఇంత రాయడం కూడా తప్పే. కానీ ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు. "మా అక్కకు ఉత్తరం రాస్తున్న, అండ్ల నిన్నేమని రాయాలె?" అని ఆమెనే అడిగాను. నోరు విప్పలేదు గానీ పలక మీద 'సత్తవ్వ' అని రాసింది. చనిపోయిన వాళ్ల అవ్వ పేరట, కాగితాల్లో చూశాను. ఇకనుంచి ఆ పేరుతోనే రాస్తాను.

సత్తవ్వ జగిత్యాలలో ఒక బీడీ కార్ఖానాలో చుట్టేది. అక్కడి కమీషన్‌దారు, అంటే ఆ కార్ఖానా నడిపేవాడు, పని నేర్పిస్తానని దగ్గరుంచుకుని ఆమెను పాడు చేశాడు. తర్వాత ఫోన్ మీద ఫోన్ చేసి, కార్లు పంపి, వేరేవాళ్ల దగ్గరికి తోలాడు. ఇంతకంటే రాయను. వాడిప్పుడు జైల్లో ఉన్నాడు. మేజిస్ట్రేటు ముందు సత్తవ్వ తన నోటితో చెప్పాలి. ఈ పదమూడున తారీఖు ఇచ్చారు. సమ్మె మొదలైంది సరిగ్గా ఆ రోజే. వకీళ్లు లేరు, గుమస్తాలు లేరు, మళ్లీ ఎప్పుడో ఎవరూ చెప్పడం లేదు. తెలంగాణ నాకూ కావాలి అక్కా. కానీ ఈ పిల్ల రోజూ తయారై కూర్చుని, రోజూ సాయంత్రం మళ్లీ రిబ్బన్లు విప్పుకుంటుంది.

కరీంనగర్ నుంచి కౌన్సెలర్ మేడం వారానికోసారి వచ్చేది. బస్సులుంటాయో ఉండవోనని ఆమె కూడా రాలేదు. పోయినసారి మాకు గట్టిగా చెప్పి వెళ్లింది. ఏం జరిగిందని మీరు అడగొద్దు, ఆమె చెప్తే వినండి. ఎందుకు పోయావు, ఎందుకు అరవలేదు అన్న మాట మాత్రం నోట్లోంచి రావద్దు. తల నిమరాలన్నా ముందు అడగండి. రేపు ఏం జరగబోతుందో ఈ రోజే చెప్పండి. అబద్ధం చెప్పొద్దు, మంచికి కూడా. ఇన్ని జాగ్రత్తలా అని మొదట నవ్వుకున్నాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే పాఠంలాగా చదువుకుంటున్నాను.

సత్తవ్వ తలుపు వెనక కూర్చుంటుంది. గొళ్లెం పెట్టారా లేదా అని చూపుతోనే అడుగుతుంది. తినదు. కానీ వేళ్లు ఊరికే ఉండవు. ఒళ్లో పెట్టుకుని ఏదో చుడుతూనే ఉంటాయి. నువ్వు బీడీలు చుడుతుంటే పక్కన పెరిగినదాన్ని, ఆ కదలిక నాకు తెలియదా? కొంచెం తునికాకు, దారం, ఒక మొండి కత్తెర పంపిస్తావా? లోపల నింపే పొగాకు, ఆ జర్దా మాత్రం వద్దు. పిల్లతో బీడీలు చుట్టించానని తెలిస్తే నన్ను ఇంటికి పంపిస్తారు. వేళ్లకు పని దొరికితే నోరు కూడా తెరుచుకుంటుందేమోనని ఆశ.

నీ చెల్లెలు
వనిత

●

కోరుట్ల
20 సెప్టెంబర్

చెల్లె వనితకు,

నీ ఉత్తరం చదివి బీడీల చాట పక్కన పెట్టేశాను. మా పెద్దదానికి కూడా పదమూడే. దాన్ని పిలిచి ఊరికే జడ వేశాను. ఇప్పుడెందుకమ్మా అని విసుక్కుంది.

బాపు నేర్పినట్టు పుస్తకం భాషలోనే రాస్తున్నాను, నవ్వకు. ఏడో తరగతి చదువు ఇంతే వస్తుంది.

ఇక్కడ సమ్మె జోరుగా ఉంది. మొన్న కార్ఖానా ఆడవాళ్లం అందరం బస్టాండు ముందు రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండుకుని తిన్నాం. మీ బావ ఆటోకు బస్సుల్లేక తెగ గిరాకీ. నేను రోడ్డు మీద పప్పుచారు కాస్తుంటే వచ్చి, "ఇంట్ల గిట్ల కాస్తే బాగుండు" అన్నాడు. గరిటె చూపించాను.

ఆ రోజు ఒక్క బీడీ చుట్టలేదు. మా చాటన్‌దారు బక్కయ్య ఉన్నాడే, కట్టలు విప్పి మంచివీ చెడ్డవీ ఏరే మనిషి, ఆయనకు తెలంగాణ వచ్చినా రాకపోయినా వెయ్యి బీడీలంటే వెయ్యే. చూపు తగ్గింది గానీ వేళ్లతోనే చూస్తాడు. మొన్న నాకు జ్వరమొచ్చి మా పెద్దది చుట్టిన కట్ట కలిపితే పట్టేశాడు. "పుష్పా, గిది నీ చెయ్యి గాదు" అన్నాడు. రాసే అక్షరం లాగే చుట్టే చెయ్యి కూడా ఎవరిది వారిదేనట. జగిత్యాలలో పదేళ్లు చేసి పోయిన ఏడాదే ఇక్కడికి వచ్చాడు. మా ప్రాణాలు తీయడానికి.

ఆకు, దారం, కత్తెర బావ తెస్తున్నాడు. ఆకు తడిబట్టలోనే ఉంచు. జర్దా వద్దన్నావు. జర్దా లేకుండా చుడితే ఆకు నలిగిపోతుంది, పిల్లకు తిక్క లేస్తుంది. చిన్న పొట్లం పెట్టాను. కోప్పడకు.

నీ అక్క
పుష్ప

●

సిరిసిల్ల
25 సెప్టెంబర్

అక్కా,

సత్తవ్వ మాట్లాడింది!

నీ సంచీ విప్పి ఆమె ముందు పెట్టి, నేను పక్కకు కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతున్నాను. చాలాసేపు చూసింది. తర్వాత ఆకు తీసి రెండు వేళ్లతో నలిపి చూసి అన్నది: "ఆకు ఆరింది. తడిబట్ట గావాలె."

ఇరవై ఏడు రోజుల తర్వాత మొదటి మాట అది. నేను పరిగెత్తుకుని పోయి నా కొంగు తడిపి తెచ్చాను. ఆమె నా కొంగు చూసి నవ్వలేదు గానీ మూతి అటూ ఇటూ కదిలింది.

ఆ పిల్ల ఎడమచేతిది అక్కా. కత్తెరా ఎడమచేతిలోనే, చుట్టుడూ ఎడమచేతితోనే. నీ బీడీలో ఆకు ఒక వైపుకు తిరిగితే ఆమె బీడీలో ఇంకోవైపుకు తిరుగుతుంది. దారం కూడా అంతే. నేను నీ చేతి పని చూసి చూసి ఉన్నానేమో, అద్దంలో చూసినట్టు అనిపించింది. "బడిల సారు కొడుతుండె, కుడిచేత్తోని రాయమని" అని చెప్పింది. ఇంకో రోజు, "మా అవ్వ కొట్టకపోవు" అన్నది. అంతే. నేను ఊ కొట్టాను, ఇంకేమీ అడగలేదు. నోరు కట్టేసుకున్నాననుకో.

జర్దా పంపినందుకు నిన్ను తిట్టాలి. కానీ ఆ పిల్ల రెండు ముద్దలు తిన్నది, తిట్టు మరిచిపోయాను. ఆరు కట్టలు చుట్టింది. వాటిని మళ్లీ సంచీలో పెట్టి బావకే ఇచ్చి పంపిస్తున్నాను. ఇక్కడ ఎవరైనా చూస్తే నా పని పోతుంది. సూపరింటెండెంట్ మేడంకు నేను చెప్పలేదు. నువ్వు వాటిని పొయ్యిలో పెట్టు. మరిచిపోకు.

చెడు కబురు చివర రాస్తున్నాను. మొన్న వాడికి బెయిలు వచ్చింది. కోర్టులో అన్నీ బందే, బెయిలు మాత్రం ఎట్లా దొరికిందో. మాకు ఫోన్ చేసి చెప్పారు. సత్తవ్వకు చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. అబద్ధం చెప్పొద్దన్నారు కదా, పొద్దున చెప్పాను. "నేను ఈడున్నట్టు ఎరికెనా?" అని అడిగింది. వాడికి తెలియదన్నాను. నిజమే చెప్పాను కదా అక్కా?

వనిత

●

కోరుట్ల
29 సెప్టెంబర్

చెల్లెకు,

నీ ఉత్తరం, సంచీ అందాయి. నువ్వు చెప్పినట్టే పొయ్యిలో పెట్టాను.

మీ హోం గేటు రోడ్డు మీదకే ఉంటుందా? గేటు దగ్గర ఎవరుంటారు? సత్తవ్వ పడుకునేది కిటికీ పక్కననా? వీలైతే లోపలి గదిలోకి మార్చు. ఇక ఆకు పంపను. దొరకడం లేదు.

ఇక్కడ కరెంటు పోతుంది, వస్తుంది. అందరం బాగున్నాం.

పుష్ప

●

సిరిసిల్ల
2 అక్టోబర్

అక్కా,

నీకు భయమైతే అక్షరాలు పెద్దవవుతాయి. చిన్నప్పుడు బాపు జేబులోంచి రూపాయి బిళ్ల తీసి దొరికినప్పుడు రాసిన సంజాయిషీ ఇంకా నా కళ్ల ముందుంది. నిన్నటి ఉత్తరంలో అక్షరాలు గీతలు దాటి పోయాయి. కోరుట్లలో ఆకు దొరకదా? ఎవరికి చెప్తున్నావు? గేటు సంగతి, కిటికీ సంగతి నీకెందుకు?

నిన్నా మొన్నా ఎదుటి చాయ్ బండి దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. మెడకు తువ్వాల, ముఖం సరిగా కనబడలేదు. ఒక్క చాయ్‌తో గంటసేపు. మా గేటు వైపే చూస్తున్నాడు. పోలీసులకు ఫోన్ చేస్తే, అందరూ బందోబస్తుకు పోయారు, తలుపులు వేసుకోండి అన్నారు. మా దగ్గర మగమనిషి లేడు. వాచ్‌మన్ ఊరికి పోయినవాడు బస్సుల్లేక రాలేదు. పదకొండు మంది పిల్లలు, వంటామె, సూపరింటెండెంట్ మేడం, నేను.

సత్తవ్వ ఆ మనిషిని చూసిందో లేదో తెలియదు. కానీ ఆ సాయంత్రం అన్నం దగ్గర కూర్చోలేదు. చేతులు కూడా కదలలేదు.

నువ్వు ఏదో దాస్తున్నావు. ఏమైందో రాయి. పూర్తిగా రాయి.

వనిత

●

కోరుట్ల
5 అక్టోబర్

చెల్లె,

నేను ఆ బీడీలను పొయ్యిలో పెట్టలేదు.

పెడదామనే తీశాను. కట్ట విప్పి చూశాను. ఎంత సాపుగా చుట్టిందే ఆ పిల్ల! మూతి మడత ఒక్కటి కూడా వంకర లేదు. ఇరవై ఏళ్ల నుంచి చుడుతున్నాను, అట్లాంటి చేతిపనిని అగ్గిలో వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. ఆ రోజు నాకు ఆరు కట్టలు తక్కువ పడ్డాయి, ముందురోజంతా ధర్నాలో కూర్చున్నాను కదా. కలిపేశాను. బక్కయ్య మాట తెలిసి కూడా కలిపాను. ఎడమచేతిదని నువ్వు రాసిన ముక్క కూడా చదివాను. ఆ రెండూ నా బుర్రలో ఒకచోట చేరలేదు. ఏం చెప్పను.

బక్కయ్య నా కట్టలు ఒక్కొక్కటి విప్పుతూ వచ్చి ఒకచోట ఆగాడు. ఒక బీడీ తీసి వేళ్ల మధ్య తిప్పాడు. మళ్లీ తిప్పాడు.

"గిది ఎడమచెయ్యి" అన్నాడు.

"మా పక్కింటి పొల్ల చుట్టింది" అన్నాను.

"అబద్ధం చెప్పకు పుష్పా. గిట్ల చుట్టేది ఒక్కతే ఉండె, జగిత్యాలల. గీ చెయ్యి నాకెరికె." గొంతు తగ్గించి, "ఏడున్నది గా పొల్ల?" అని అడిగాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆయన పదేళ్లు చేసింది ఆ కమీషన్‌దారు దగ్గరే. ఏం తెలియదని చాట ఎత్తుకుని వచ్చేశాను. ఆయన ఆ బీడీని జేబులో పెట్టుకున్నాడు. ఎప్పుడూ పదో ఇరవయ్యో తీసి పారేసే మనిషి, ఆ రోజు ఒక్కటి కూడా పారేయలేదు. అన్నిటికంటే దానికే ఎక్కువ భయపడ్డాను.

ఇంకా ఉంది. ఆ మర్నాడు ఆటో అడ్డా మీదకు పోయి మీ బావను మాటల్లో పెట్టాడట. మీ బావ నోరు నీకు తెలుసు. "మా మరదలు సిరిసిల్లల ఆడపిల్లల హోంల జేస్తది, మొన్ననే సంచి ఇచ్చొచ్చిన" అని చెప్పుకున్నాడు, గొప్పగా.

నన్ను ఎన్ని తిట్టినా సరే. ఆ పిల్లను అక్కడినుంచి మార్చండి.

పుష్ప

●

సిరిసిల్ల
9 అక్టోబర్

అక్కా,

నీ ఉత్తరం చదివి నాలుగు ముక్కలు చేశాను. మళ్లీ అతికించుకున్నాను, చూపించాల్సి ఉంది కాబట్టి.

నీ మీద మండిపోయింది. తర్వాత చూసుకుంటే మొదటి తప్పు నాది. రూలు దాటి నేను అడగకపోతే నువ్వు పంపేదానివి కాదు. అప్పుడే సూపరింటెండెంట్ మేడం దగ్గరికి పోయి ఆకు సంగతి, బీడీల సంగతి, ఈ ఉత్తరాల సంగతి అన్నీ చెప్పాను. ఆమె అరవలేదు. తలపట్టుకుని, "ముందు పిల్ల సంగతి చూద్దాం, నీ సంగతి తర్వాత" అన్నది.

ఏ పిల్ల ఎక్కడ ఉండాలో కరీంనగర్‌లో ఉండే పిల్లల కమిటీ చెప్పాలి. వాళ్లలో ఒకామె, రిటైరైన టీచరమ్మ, కొడుకు మోటారు సైకిల్ మీద మూడుచోట్ల రాస్తారోకోలు దాటుకుని వచ్చింది. వేరే జిల్లా హోంకు పంపుదామన్నది. కానీ ముందు పిల్లకు అన్నీ చెప్పి, తన మాట అడగాలన్నది. "ఇప్పటిదాకా ఆమెను అడక్కుండానే అందరూ ఇటు తోలారు, అటు తోలారు. మనమూ అట్లనే చేస్తే వాళ్లకూ మనకూ తేడా ఏముంది?" అన్నది.

చెప్పాల్సింది నేనే. నా నోరు ఎండిపోయింది. ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"నువ్వు చుట్టిన బీడీలు బయటికి పోయినయ్. అవ్వి జూసి జగిత్యాల చాటన్‌దారు నీ చెయ్యి గుర్తువట్టిండు. నువ్వు ఈడున్నట్టు ఆయనకు ఎరికైనట్టుంది. ఇంకెవ్వలకు జెప్పిండో తెల్వది. తప్పు నాది."

సత్తవ్వ తన ఎడమచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. "నా చెయ్యివట్టే అయింది గదా" అన్నది.

"కాదు. నీ చెయ్యి ఏం జెయ్యలె. తప్పు నాది" అని మళ్లీ చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసింది. ఈ మాట ఆమెతో పెద్దవాళ్లెవరూ ఇంతకు ముందు అనలేదేమో. నమ్మిందని మాత్రం అనుకోలేదు.

నమ్మలేదు. పొద్దున లేచి చూస్తే గదిలో మూలకు కూర్చుని ఉంది. ఎడమచేతిని చున్నీతో నడుముకు కట్టేసుకుంది. కుడిచేత్తో పలక మీద అ ఆలు దిద్దుతోంది. "గీ చెయ్యి ఉంటే మల్ల దొరుకుత" అన్నది. అక్కా, ఏడవకూడదని ఎంత ఆపుకున్నా ఆగలేదు. ముడి విప్పనా అని అడిగాను. వద్దన్నది. విప్పలేదు.

వేరే హోంకు పోతావా అని కమిటీ టీచరమ్మ అడిగితే, సత్తవ్వ తిరిగి ఒక్కటే అడిగింది: "ఇంక ఎన్ని ఇండ్లు మారాలె?" మళ్లీ తనే అన్నది: "ముందు కోర్టుల చెప్త. తర్వాత పోత."

మేజిస్ట్రేటుకు కమిటీ వాళ్లు రాశారు. అప్పటిదాకా ఇక్కడే, లోపలి గదిలో. గేటుకు రెండు తాళాలు వేస్తున్నాం. పగలు కూడా.

వనిత

●

కోరుట్ల
12 అక్టోబర్

చెల్లె,

నిన్న మధ్యాహ్నం బక్కయ్య మా ఇంటికొచ్చాడు. కత్తిపీట దగ్గర పెట్టుకుని తలుపు తీశాను.

చాయ్ బండి దగ్గర నిలబడింది ఆయనేనట. లోపలికి రాలేదు, గడప మీదనే కూర్చున్నాడు. జేబులోంచి ఆ బీడీ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. నలిగిపోయి ఉంది.

"గా పొల్ల బతికున్నదో లేదో సూద్దామని పోయిన. ఒక్కపారి కనవడితె సాలనుకున్న" అన్నాడు.

ఎవరికైనా చెప్పావా అంటే, అవ్వతోడు చెప్పలేదన్నాడు. నమ్మాలో వద్దో తెలియలేదు. తర్వాత తనే చెప్పుకొచ్చాడు. కార్ఖానా మూసే వేళ ఆ కమీషన్‌దారు, కట్టలు లెక్కబెట్టేది ఉంది నువ్వు ఉండు అని ఆ పిల్లను ఆపేవాడట. కారు వచ్చేదట. తెల్లారి ఆ పిల్ల కట్టలు తక్కువున్నా, పనికిరానివైనా, పాస్ చెయ్యమనేవాడట.

"పాస్ జేసిన పుష్పా. ఎందుకో నాకెరికె. దినాం బీడీలు జూసిన, పిల్లను సూడలె. గా కార్ఖానల ఉండబుద్ధిగాక ఈడికచ్చిన. అచ్చుడైతె అచ్చిన, నోరైతె తెరవలె."

డెబ్బై ఏళ్ల మనిషి నా గడప మీద ఏడ్చాడు. నాకు జాలీ వచ్చింది, ఒళ్లూ మండింది. తన తప్పు మన్నించమని సత్తవ్వకు రాయమన్నాడు. రాస్తానన్నాను. ఆమెకు చెప్తావా?

పుష్ప

●

సిరిసిల్ల
15 అక్టోబర్

అక్కా,

చెప్పను.

కౌన్సెలర్ మేడం నిన్న ఎట్లాగో వచ్చింది, ఆమెనూ అడిగాను. ఆయన ఏడుపు ఆయనది. దాన్ని తెచ్చి ఈ పిల్ల ఒళ్లో పెడితే, పాపం ముసలాయన అని ఆయన బరువు కూడా ఈమే మోస్తుంది. మన్నించాలా వద్దా అన్నది ఆమె ఎప్పుడైనా పెద్దయ్యాక తనంత తాను అనుకోవాలి, మనం అడగకూడదు. అక్కడ నిలబడ్డది ఆయనేనని, ఆయన వల్ల ప్రమాదం లేదంటున్నాడని మాత్రం చెప్పాను. ఆమెకు తెలియాల్సింది అంతే.

ఆయనకు నిజంగా చెప్పాలని ఉంటే పోలీసులకు చెప్పమను. కారు సంగతి, ఆపే సంగతి, పాస్ చేసిన సంగతి. చూసినవాడు ఒక్కడు నోరు తెరిస్తే ఆ పిల్ల మాట ఒంటరిది కాదు.

కానీ నా భయం తగ్గలేదు. ఒక ముసలాయన బావను రెండు మాటలడిగి మా గేటు దాకా రాగలిగితే, వాడికెంతసేపు? మేజిస్ట్రేటమ్మ ఇరవై ఒకటిన రమ్మన్నది. వకీళ్లు లేకున్నా తానే రాసుకుంటానన్నదట. ఇంకా ఆరు రోజులు. సత్తవ్వ రిబ్బన్లు మళ్లీ ఇస్త్రీ చేసి పెట్టుకుంది. చెయ్యి ఇంకా కట్టేసుకునే ఉంది.

వనిత

●

కోరుట్ల
19 అక్టోబర్

చెల్లె,

బక్కయ్యను మీ బావ ఆటోలో జగిత్యాల స్టేషనుకు తీసుకుపోయాడు. నోరు జారినందుకు కిరాయి అడగలేదు. మొదటి రోజు ఎస్సై లేడు. రెండోరోజు పొద్దంతా బెంచీ మీద కూర్చోబెట్టారు. మూడోరోజు రాసుకున్నారు. మొత్తం చెప్పాడట.

నిన్న ఎవరో ఇద్దరు కార్ఖానాకు వచ్చి, "పుష్ప అంటే ఎవరు?" అని అడిగి పోయారు. ఏ పుష్ప, ఇక్కడ నలుగురున్నారు అని ఆడవాళ్లంతా తలా ఒక మాట అన్నారు. ఉన్నది నేనొక్కదాన్నే. భయంగా ఉంది వనితా. మా పెద్దదాన్ని ఒంటరిగా నీళ్లకు కూడా పంపడం లేదు. కానీ ఆ పిల్లకు ఇది రోజూ ఉంటుంది కదా, నాకు రెండు రోజులకే చెయ్యి ఆడటం లేదు.

ఇరవై ఒకటిన మోకాళ్ల మీదనే ఉంటాను, ప్రార్థనలో. పోయేటప్పుడు ఎటు నుంచి పోతారో మాత్రం నాకు రాయకు. నాకే కాదు, ఎవరికీ.

పుష్ప

●

సిరిసిల్ల
26 అక్టోబర్

పుష్పక్కకు,

సమ్మె ఆగింది, విన్నావు కదా. వాచ్‌మన్ కూడా వచ్చాడు. ఇప్పుడు రాయొచ్చు.

ఇరవై ఒకటిన కమిటీ టీచరమ్మ, సత్తవ్వ, నేను జగిత్యాల కోర్టుకు జీపులో బయలుదేరాం. కొడిమ్యాల దాటే ముందు రోడ్డు మీద రాళ్లు, ముళ్లకంపలు. యాభై అరవై మంది ఉన్నారు. నలుగురు మగవాళ్లు జీపు కిటికీల్లోంచి లోపలికి తొంగి చూశారు. జెండాలు పట్టుకున్న మామూలు ఊరివాళ్లే, మనవాళ్లే. కానీ నాలుగు మగ ముఖాలు అంత దగ్గరికి వచ్చేసరికి సత్తవ్వ సీటు కిందికి జారిపోయింది. వాళ్లలో ఎవరైనా వాడి మనిషి అయితే?

రోడ్డు పక్కన వంట చేస్తున్న ఒక అవ్వ, బుచ్చవ్వ అని పిలుస్తున్నారు ఆమెను, గరిటె పట్టుకుని వచ్చింది. "ఎవ్వలు బిడ్డా మీరు? ఎటువోతున్నరు? గా పొల్లకు ఏమైంది?" అని అడిగింది. నేనూ టీచరమ్మా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నిజం చెప్పకూడదు. అబద్ధం ముందుగా అనుకుని రాలేదు.

కింది నుంచి సత్తవ్వ అన్నది: "మా అవ్వ పానం బాగలేదు. సత్తవ్వ ఆమె పేరు. సూడవోతున్నం."

బుచ్చవ్వ వెనక్కి తిరిగి మగవాళ్ల మీద కేకలేసింది. "జరుగుండ్రి! అవ్వను సూడవోయే పొల్లను ఆపుతరా?" రాళ్లు వాళ్లే తీశారు. మాకు తలా ఒక ముద్ద పులిహోర ఆకులో పెట్టి ఇచ్చింది. జీపు కదిలాక సత్తవ్వ పైకి లేచి కూర్చుని, మొత్తం తిన్నది.

మేజిస్ట్రేటమ్మ మగవాళ్లందరినీ బయటికి పంపించింది. గుమస్తా లేడు, తానే రాసుకుంది. తలుపు మూసి ఉంటే నేను బయట బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాను. ఒక్కసారి ఏడుపు వినబడింది. లేచి నిలబడ్డాను. మళ్లీ మాట వినబడింది, కూర్చున్నాను. ఏం చెప్పిందో నాకు తెలియదు. నేను అడగలేదు, అడగను.

ఇరవై మూడున ఆమెను వేరే హోంకు తీసుకుపోయారు. ఎక్కడికో నాకు చెప్పలేదు. చెప్పకపోవడమే సరి. పోయేముందు, నీ కొంగు తడిపినవ్ గదా అని నా కొంగు కాసేపు పట్టుకుంది, అడక్కుండానే. నాకు మెమో ఇచ్చారు. జవాబులో జరిగింది జరిగినట్టు రాశాను. పని ఉంటుందో పోతుందో నెలాఖరుకు తెలుస్తుంది. వాడు మాత్రం ఇంకా బయటే ఉన్నాడు అక్కా. బక్కయ్య ఇచ్చిన మాట, ఈ పిల్ల ఇచ్చిన మాట చూసి బెయిలు రద్దు చేయమని అడుగుతారట. అప్పటిదాకా నువ్వూ పిల్లలూ జాగ్రత్త.

ఒక్కటి రాసి ముగిస్తాను. రాసుకోవడం అయ్యాక నన్ను లోపలికి పిలిచారు, తోడు వచ్చినట్టు సంతకం చేయమని. సత్తవ్వ కూడా తన మాట కింద సంతకం పెట్టాలి. ఎడమచేతికి ఇంకా చున్నీ ముడి అట్లనే ఉంది. పెన్ను కుడిచేత్తో తీసుకుంది. కాగితం మీద ఆనించి ఆగిపోయింది. మేజిస్ట్రేటమ్మను అడిగింది: "ఏ చేత్తోనన్న వెట్టచ్చా?"

"నీ చెయ్యి, నీ ఇష్టమమ్మా" అన్నది ఆమె.

సత్తవ్వ నా వైపు తిరిగి, "ముడి ఇప్పు" అన్నది. విప్పాను. పెన్ను ఎడమచేతిలోకి మార్చుకుని, తన సొంత పేరు, ఇంటిపేరుతో సహా, మెల్లగా రాసింది. ఆ పేరు నీకు రాయను. రాస్తుంటే చెయ్యి తగిలి సిరా కొంచెం అలుక్కుపోయింది. ఆమె చేతికంటిన సిరాను చూసుకుంది, తుడుచుకోలేదు.

నీ చెల్లెలు
వనిత